పిక్కకు పాలిష్

డోర్నకల్ జంక్షన్‌లో ‘భద్రాచలం రోడ్డు’కు టికెట్ తీసుకున్నవాళ్ళు దిగేది కొత్తగూడెంలో. రాముణ్ణి చూడాలంటే అక్కణ్ణుంచి మళ్ళీ బస్సెక్కి ఓ నలభై కిలోమీటర్లు పోవాలి. బోర్డు మీద ఒక ఊరు, కాళ్ళ కింద ఇంకో ఊరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇదే చూస్తున్నదాన్ని కాబట్టి, మా చెల్లెలి కూతురు డాలస్ నుంచి తెచ్చిన సీసా మీద ‘ఆరోగ్యకరమైన కాంతి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కలు చదివినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. బోర్డే కదా.

పిల్ల క్రిస్మస్ సెలవులకు వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే నేను వాకిట్లో కాళ్ళు చాపుకొని చిక్కుడుకాయలు గిల్లుతుంటే, చీర కాస్త పైకి జరిగినట్టుంది. నా పిక్కలు దాని కంటబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళు నల్లబల్ల పక్కన నిలబడిన పిక్కలు. వాటి మీద నరాలు ఎండాకాలం మున్నేరు పాయల్లాగా వంకర్లు తిరిగి, అక్కడక్కడ ముడిపడి ఉంటాయి.

“పెద్దమ్మా, ఏందివి ఇట్ల ఉబ్బినయ్?”

“నరాలు తేలినయ్ బిడ్డా. ఇప్పటివి కావు.”

“అమ్మో, చూస్తెనే ఎట్లనో అయితుంది” అని లోపలికి ఉరికి సీసా పట్టుకొచ్చింది. దాని పేరు సెల్ఫ్ టానర్. రాత్రి రాసుకొని పడుకుంటే తెల్లారేసరికి కాళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయట. ఆ రంగులో నరాల ఆకుపచ్చ, నీలం కలిసిపోతాయట. అక్కడ చాలామంది ఇదే చేస్తారట, దాంతో ‘కాన్ఫిడెన్స్’ వస్తుందట.

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను. పెళ్ళిచూపుల్లో మావాళ్ళు నన్ను ‘చామనచాయ’ అని చెప్పి ఒప్పించారు, అదే పెద్ద సాహసం. ఈ కాళ్ళకు గోధుమరంగంటే ప్రమోషనే.

ఇంతకూ సీసాలో ఏముందని విచారిస్తే, అసలు సరుకు డైహైడ్రాక్సీఅసిటోన్ అనే ఒక చిన్న చక్కెర. చర్మం పైపొరలో చచ్చిన కణాలుంటాయి చూడండి, వాటిలోని అమైనో ఆమ్లాలతో అది కలిసి గోధుమరంగు తేలుతుంది. పెనం మీద దోసె ఎర్రబడటం, రొట్టె కాలి మచ్చలు పడటం కూడా ఈ జాతి రసాయన చర్యే. దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ తన పరిశోధన ప్రకటించింది 1912లో. ఆ ఏడాది డిసెంబరులోనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా మా డోర్నకల్‌కు పేరు తెచ్చాడు. తెల్లదొరలే బిషప్‌లుగా ఉండాలనుకునే రోజుల్లో నల్లచర్మం ఆ పీఠం మీద కూర్చుంది. నూటపదేళ్ళు దాటాక అదే ఊళ్ళో నేను దోసె కాల్చినట్టు కాలు కాల్చుకోవాలని సలహా వింటున్నాను. దోసెకైతే కనీసం చట్నీ ఉంటుంది.

ఈ సంగతి కనిపెట్టిన కథ కూడా తమాషాగా ఉంటుంది. 1950లలో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, గ్లైకోజెన్ నిలవ ఉండిపోయే జబ్బున్న పిల్లలకు ఈ చక్కెరను మందుగా తాగిస్తున్నది. పిల్లలు కక్కినచోట, ఒలికినచోట చర్మం గోధుమరంగుకు మారింది. బట్టలకు మాత్రం అంటలేదు. 1960 నాటికల్లా అది సీసాల్లోకెక్కి అంగడికి వచ్చింది. పసిపిల్ల మందు కక్కితే తల్లి కంగారు పడుతుంది. వ్యాపారికి అందులో కూడా ఒక షేడ్ కనపడుతుంది.

ఇక్కడ మా ఇంటి అద్దం బల్ల సంగతి చెప్పకపోతే అన్యాయం. 1975 నుంచి ఈ దేశంలో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అమ్ముతున్నారు. 2020లో దానికి జ్ఞానోదయమై ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ట్యూబు అదే, అద్దంలో ఆశ అదే. మా వీధిలో ఆ ట్యూబు లేని ఇల్లు వెతకాలంటే దివిటీ పట్టుకొని తిరగాలి. ఇప్పుడు ఈ కొత్త సీసా వచ్చి పక్కన చేరింది. మొహానికి తెల్లబడే క్రీము, కాలికి నల్లబడే లోషను. రెండూ రాసుకొని నిలబడితే మనిషి మధ్యలో ఎక్కడో రంగు మారే జంక్షన్ ఒకటి రావాలి. ఆ జంక్షన్ ఏ అంగుళం దగ్గర పెట్టాలో ఏ డబ్బా మీదా రాయలేదు.

మా లైను మీద కిందికి పోతే వచ్చే విజయవాడ వైపు మూలాలున్న అమ్మాయి నీనా దావులూరి. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం పెట్టుకుంది. అక్కడ కొందరు ఆమెను విదేశీ పిల్ల అని తిట్టారు. ఇక్కడ మనవాళ్ళు, ఆ చాయకు మన పోటీల్లోనైతే గడప కూడా దాటనిచ్చేవాళ్ళు కాదని చర్చ పెట్టుకున్నారు. అటువంటి మన తెలుగు కాలికి, నువ్వింకా కాస్త గోధుమరంగు పూసుకోవాలి అని చెప్పగలగడం సామాన్యమైన అమ్మకం కాదు. ఎడారిలో ఇసుక అమ్మినవాడే చేయగలడు.

అయితే కాళ్ళకు రంగు పూయడం మనకేమీ కొత్త కాదు, అది ఒప్పుకుంటాను. పసుపు రాస్తాం, పారాణి పెడతాం. కానీ పసుపు కాలు ‘నన్ను చూడు’ అని గడప దిగుతుంది. ఏమీ దాచదు. ఉబ్బిన నరం మీద పసుపు రాస్తే పచ్చటి ఉబ్బిన నరం అవుతుంది, అంతే. మా పక్కింటి అవ్వ వరలక్ష్మీ వ్రతం నాడు వాయనానికి వచ్చినప్పుడు ఆమె కాళ్ళకు నేనే రాస్తాను. ఆ నరాల మీద వేలు పోయినప్పుడల్లా “మెల్లగ రాయవే, అవి నా నాట్ల పైసలు” అంటుంది.

నాట్లు అంటే గుర్తొచ్చింది. డోర్నకల్ చుట్టుపక్కల ఆడవాళ్ళ పిక్క బయటపడేది ఎక్కడ? కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి దోపి మడిలో దిగినప్పుడు. తండాల ఆడవాళ్ళకైతే పేటియా అనే పావడా చీలమండ దాకా ఉంటుంది, మడిలో దిగితేనే అదీ పైకి పోతుంది. అక్కడ ఆ పిక్కను శ్రద్ధగా చూసేది జలగ ఒక్కటే. దానికి చర్మం రంగుతో పనిలేదు. సుశ్రుతుడి కాలం నుంచీ చెడు రక్తం పీల్చే వైద్యంలో సీనియర్ ఉద్యోగి అది, గోధుమరంగు చూసి మోసపోతుందని నేననుకోను.

ఇక అసలు తగాదాకు వస్తాను. రంగు రంగును కప్పుతుందేమో గాని ఎత్తును కప్పదు. సన్నగా సాలెగూడులా కనపడే చిన్న చిన్న నరాలున్నాయంటే, వాటితో ప్రాణానికి ముప్పు లేదు, వాటి మీద ఎవరేం పూసుకున్నా నాకు పేచీ లేదు. కానీ తాడులా లేచిన నరం మీద ఏ రంగు పూసినా అది గోధుమరంగు తాడే. పైగా ఈ సరుకు చర్మం మందంగా ఉన్నచోట ఎక్కువ పట్టేస్తుంది. మోకాళ్ళు, మడమలు, చీలమండలు ముదురుగా, మిగతా కాలు లేతగా. అరచేతులు కడుక్కోవడం మర్చిపోతే పొద్దున్నకు అవి కూడా. నాలుగైదు రోజులకు పైపొర రాలుతుంటే రంగూ పొలుసులుగా పోతుంది. అప్పుడు మళ్ళీ సీసా. ఎండ నుంచి కాపాడుతుందా అంటే అదీ లేదు.

మా చెల్లెలి కూతురికి నేను రైల్వే భాషలో చెప్పాను, ఈ ఊళ్ళో పుట్టినదాని బిడ్డే కదా. గుండె నుంచి కాలికి రక్తం దిగడం డౌన్ లైను, వాలు మీద బండి, దానంతటదే పోతుంది. కాలి నుంచి పైకి పోవడమే కష్టం. ఆ సిరల్లో అడుగడుక్కీ చిన్న చిన్న కవాటాలుంటాయి. రక్తం ఒక మెట్టు ఎక్కగానే వెనక గేటు పడుతుంది. పైకి నెట్టే ఇంజను పిక్క కండ. నడిస్తే ఇంజను నడుస్తుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో పీడనం 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. అదే నడుస్తుంటే 30కి దిగువకు పడిపోతుంది. ఏళ్ళ తరబడి నిలబడితే, కాన్పులైతే, వంశంలో ఉంటే గేట్లు వదులవుతాయి. ఎక్కిన బండి వెనక్కి జారుతుంది. స్టేషన్లో బండ్లు నిలిచిపోయినట్టు రక్తం నిలిచి నరం ఉబ్బుతుంది. అంటే ఆ ఉబ్బు ఎర్ర సిగ్నల్. ఎర్ర సిగ్నల్ చూడ్డానికి బాగాలేదని దాని మీద గోధుమరంగు వేసిన స్టేషన్ మాస్టర్ ఇప్పటిదాకా మా జంక్షన్‌కు రాలేదు.

ఇంకో వింత చెబుతాను. ఈ జబ్బు ముదిరితే చీలమండకు లోపలి వైపు, కాస్త పైన, చర్మం తనంతట తానే గోధుమనలుపుకు తిరుగుతుంది. నిలిచిన రక్తం బయటికి ఊరి, అందులోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది. తర్వాత దురద, తామర, ఆ తర్వాత నెలల తరబడి మానని పుండు. ఆ నలుపు చూసే డాక్టరు ‘ఇక ఆలస్యం చేయొద్దు’ అంటాడు. అంటే సీసా కంపెనీ కన్నా ముందే జబ్బు ఈ గోధుమరంగు వ్యాపారంలో దిగి ఉంది, ఉచితంగా ఇస్తోంది. రెండు రంగులూ ఒకే చీలమండ మీద కలిశాక ఏది కొన్నదో ఏది జబ్బు పెట్టిందో ఎవరు తేల్చాలి?

డాక్టరు అన్నాను గాని, అక్కడికి చేరడం కూడా తెలుగులో అంత తేలిక కాదు. మనకు మెదడు నుంచి కబురు మోసేదీ నరమే, రక్తం మోసేదీ నరమే. సూది గుచ్చే నర్సు “నరం దొరకట్లే” అన్నా నరమే. అందుకని నరాలు ఉబ్బినవాళ్ళం బోర్డు మీద ‘నరాల డాక్టర్’ అని చూసి, టోకెన్ తీసుకొని, రెండు గంటలు నిలబడి (కుర్చీలు నిండిపోయి ఉంటాయి, నరాలకు అదొక అదనపు సేవ), లోపలికి పోతే, “ఇది నాది కాదమ్మా, రక్తనాళాల సర్జన్‌ను కలవండి” అనిపించుకొని బయటికొస్తాం. నేనూ వచ్చాను. ఫీజు మాత్రం రాలేదు. తర్వాత సరైన చోటికే పోతే డాప్లర్ స్కాన్ తీసి, బిగుతు మేజోళ్ళు రాసిచ్చాడు. మే నెలలో డోర్నకల్‌లో ఆ మేజోళ్ళు తొడుక్కొని తిరగమన్న ఆ మహానుభావుడు ఏసీ గదిలో కూర్చొనే చెప్పాడు. అయినా తొడుక్కున్నాను, కాలు తేలికైన మాట నిజం.

అంతకన్నా గట్టి వైద్యాలూ ఉన్నాయి. లేజరుతోనో రేడియో తరంగాలతోనో చెడిన సిరను లోపలి నుంచే మూసేసి చాలామందిని ఆ రోజే ఇంటికి పంపేస్తారు. రోమన్ సేనాని మారియస్‌కు ఈ సుఖం లేదు. రెండు కాళ్ళ నరాలూ ఉబ్బితే, కట్లు కూడా వద్దని ఒక కాలి నరాలు కోయించుకున్నాడట, మూలగలేదట. వైద్యుడు రెండో కాలి వైపు తిరిగేసరికి, ఈ నొప్పికి ఆ లాభం సరిపోదని లేచిపోయాడని ప్లూటార్కు రాశాడు. ఆ మారియస్ రెండో కాలికి రంగు పూసుకుంటే నేను క్షమిస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆడవాళ్ళనూ క్షమిస్తాను. పట్టు, నైలాను యుద్ధానికి పోతే మేజోళ్ళు దొరక్క, కూర పులుసుకు రంగు తెచ్చే పొడి కలుపుకొని కాళ్ళకు పూసుకున్నారు. కొందరు టీ డికాషన్ పూసుకున్నారు. మేజోడు కుట్టు కనపడాలని పిక్క వెనక కాటుక పెన్సిలుతో నిలువుగీత గీయించుకున్నారు. వాళ్ళు దాచింది కరువును, అది కూడా ఊరందరికీ తెలిసిన కరువును.

మనం దాచేది ఏమిటి? చీరల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడే పిల్ల పిక్కలు చూడండి. కొనడానికి వచ్చినవాళ్ళకు కుర్చీ, మంచినీళ్ళు, అప్పుడప్పుడు కూల్‌డ్రింకు. ఎనభై చీరలు మడత విప్పి చూపించే పిల్లకు నేల. కోళికోడ్‌లో ఇలా నిలబడ్డ ఆడవాళ్ళే కూర్చునే హక్కు కావాలని ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2018లో కేరళ చట్టం మార్చి దుకాణాల్లో పనివాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. 2021లో తమిళనాడు కూడా ఆ దారి పట్టింది. ఇరవయ్యొకటో శతాబ్దంలో కుర్చీ కోసం చట్టం! సీసా కంపెనీలు ఆ పిల్లలకు కుర్చీ కన్నా షేడ్ ముందు అందించేట్టున్నాయి.

నేను చేసిన బడిలోనూ టీచర్లు కూర్చోవడం బద్ధకం కింద లెక్క. కుర్చీ ఉండేది, దాని మీద హాజరు పట్టీ కూర్చునేది. ఇన్‌స్పెక్షన్ రోజు తుడిచేవాళ్ళం, వచ్చినాయన కూర్చునేవాడు.

ఇదంతా పిల్లకు చెప్పానా అంటే సగమే చెప్పాను. అది అప్పటికే తన కాళ్ళకు రాసుకొని, ఆరేదాకా బట్ట తగలకూడదని కోడిలా కాళ్ళు ఎడం చేసి వాకిట్లో తిరుగుతోంది. దానికీ ఎడమ మోకాలి వెనక సన్నగా నీలిగీత ఒకటి మొదలైంది. అక్కడ అదేం ఉద్యోగం చేస్తుందో అప్పుడు సరిగ్గా అడిగాను. ఆసుపత్రి మందుల కౌంటరు, పది గంటల డ్యూటీ.

“కుర్చీ ఉంటదా?”

“ఉంటది పెద్దమ్మా. కూర్చుంటే మేనేజర్ చూస్తడు.”

మా జిల్లా 2016లో వరంగల్ నుంచి మహబూబాబాద్ అయింది గాని బండ్లు ఆలస్యంగా రావడం మాత్రం ఏ జిల్లాలోనూ మారలేదు. అది వెళ్ళే రోజు ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. గంటన్నర లేటు అన్నారు. నేను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాను. పిల్ల రెండుసార్లు నా కాళ్ళ వంక చూసింది. తర్వాత పెద్ద సూట్‌కేసు పక్కకు పడుకోబెట్టి, దుమ్ము దులిపి, “ఇగో, కూర్చో” అంది.

“నీ సీసా అందులనే ఉన్నట్టుంది, పగుల్తదేమో బిడ్డా.”

“పగిలితే పగలనీ. నువ్వు కూర్చో.”