తనిఖీ కమిటీ అధ్యక్షుల వారికి ఒక ల్యాబ్ అసిస్టెంట్ బహిరంగ లేఖ

మహారాజశ్రీ అధ్యక్షుల వారి సముఖమునకు,

మొన్న తమరు బెజవాడ నుంచి మా ఇంజనీరింగ్ కాలేజీకి దయచేసి, ల్యాబులో కంప్యూటర్లు వేలు పెట్టి లెక్కపెట్టి, 60 అని రాసుకుని, బందరు లడ్డూ రుచి చూసి వెళ్లారు. సంతోషం. కానీ లెక్క తప్పింది. ఒక్కో మిషన్‌లో వర్చువల్‌బాక్స్ అనే, కంప్యూటర్‌లో కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్ వేసి, దాంట్లో దాడి చేయడం నేర్చుకోవడానికి ఒక కాలీ లైనక్స్, ఆ దాడికి గురి కావడానికి ఒక మెటాస్‌ప్లాయిటబుల్ పెట్టాం. వెరసి 180. ఆ లెక్కన ఇంకో రెండు సెక్షన్లు ఇప్పించే మాట ఆలోచించగలరు.

అసలు సంగతి వేరు. ఆ వర్చువల్‌బాక్స్ వెర్షన్ ఎంత అని తమ కమిటీలో ఒక్కరూ అడగలేదు. 5.2.20 అండీ. డి డ్రైవ్‌లో ‘సాఫ్ట్‌వేర్స్’ ఫోల్డర్ ఉంటుంది, ఏ బ్యాచ్ వచ్చినా అందులోంచే ఎక్కిస్తాం. సెర్గీ జెలెన్యూక్ అనే రష్యన్ పరిశోధకుడు 2018 నవంబరులో సరిగ్గా ఈ వెర్షన్‌కే కన్నం చూపించాడు. దాని తయారీదారు ఒరాకిల్ వాళ్లకు ముందు చెవిలో వెయ్యకుండా కిటుకంతా లోకానికి చెప్పేశాడు. లోపం ఇ1000 అనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డులో ఉంది, మనం ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే వచ్చే కార్డు అదే. లోపలి మిషన్‌లో రూట్ అనే సర్వాధికారం ఉన్నవాడు బయటి విండోస్‌లోకి వచ్చి కూర్చోగలడు. మరి ఆ రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? “లోపల ఏం చేసినా బయటికి రాదు, కానివ్వండ్రా” అని మొదటి క్లాసులోనే పిల్లలకు బోర్డు మీద రాసి ఇచ్చేది అదే కదా!

అంతకన్నా విడ్డూరం ఫ్లాపీది. 2015 మేలో ‘వెనం’ అనే లోపం బయటపడింది. ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే కోడ్‌లో 2004 నుంచీ ఉందట. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన క్యూఈఎంయూలో పుట్టి, అదే జాతి జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ దాకా పాకింది. మా పిల్లలు ఫ్లాపీ ముఖమే ఎరగరు, దొంగకు మాత్రం అదే దొడ్డిదారి.

పోనీ వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌కు మారదామా అంటే, 2024 నవంబరు నుంచి అది అందరికీ ఉచితమే. కానీ 2025 మార్చి 4న దాని మీదా హెచ్చరిక వచ్చింది, కన్నాన్ని అప్పటికే ఎవరో వాడుకుంటున్నారన్న కబురుతో సహా.

ప్యాచ్ రాక కాదండీ మన బాధ. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్‌కు విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అయినా మేలో మన కృష్ణా జిల్లా పోలీసు కంప్యూటర్లు కూడా వన్నాక్రై బారిన పడ్డాయి. బుడమేరు వాగు గండ్లు చూసినవాళ్లం, కట్ట బీటలిచ్చిందని రెండు నెలల ముందే తెలిస్తే ఊరుకుంటామా?

కనుక ఒక మనవి. తమ ప్రొఫార్మాలో కుర్చీలకు, ఫ్యాన్లకు, అగ్నిమాపక సిలిండర్లకు గడులున్నాయి. వెర్షన్ నంబరుకూ ఒక గడి వేయించండి. గడి ఉంటే మా ప్రిన్సిపాల్ గారు రాత్రికి రాత్రే అప్‌డేట్ చేయిస్తారు, నాకు అనుభవమే.

అలాగే ల్యాబుకు ఇంటర్నెట్ తిరిగి ఇప్పించండి. కొత్త వెర్షన్ దింపుకోవాలి. పోయిన తనిఖీలో ‘భద్రత దృష్ట్యా’ తీసేయమన్నది తమరే.

ఇట్లు,
తమ విధేయుడు,
ల్యాబ్ అసిస్టెంట్