రంధ్రాన్వేషికి ఒక కొండ

మా మేనల్లుడు రంధ్రాన్వేషి. తిట్టడం లేదు, వాడికది కాలక్షేపం. సైన్స్ ఫిక్షన్ వీడియో గేముల కథల్లో చిల్లులు వెతుకుతాడు. గాలి లేనిచోట పేలుడు చప్పుడు ఎలా వినిపించింది? గ్రహాంతరవాసికి ఇంగ్లీషు ఎవడు నేర్పాడు? ఇలాంటివి తేలకపోతే వాడికి అన్నం సయించదు.

మొన్న వానల్లో ఇద్దరం విశాఖలో కిరండూల్ పాసింజరెక్కాం. వాడి ఒళ్ళో ల్యాప్‌టాప్, అందులో 'నో మ్యాన్స్ స్కై'. 2016లో వచ్చిన ఆట. 18 పక్కన 18 సున్నాలు పెడితే ఎన్నో అన్ని గ్రహాలట. ఏ గ్రహం మీదైనా దిగి, చేతిలో పరికరంతో ఓ కిరణం వదిలితే చాలు, బండరాయి మాయమై ఖనిజప్పొడి సంచిలో పడుతుంది. ఒక్క అరలో 9,999 పాళ్ళు. తవ్విన గొయ్యి ఒక్కోసారి దానంతటదే పూడుకుంటుంది కూడా!

"ఇందులో తప్పేం కనపడలేదురా?"

"ఉంది మామయ్యా. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరగవు."

అంతే. ఆ ఒక్కటే.

జగదల్‌పూర్ దాటాక మా బండిని పక్కకు తీసి ఆపేశారు. ఎదురుగా గూడ్సు వస్తోంది, వ్యాగన్ల నిండా బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం. మనుషులు ఆగాలి, రాయి ముందు పోవాలి. అన్యాయమేం కాదు, 1960లలో ఈ లైను వేసిందే జపానుకు రాయి పంపడానికి. సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. ఆటలో ఇదంతా సంచిలో ఒక అర.

"అవతార్ ఇంకా ఘోరం," అన్నాడు మావాడు. 2009 సినిమా, 2023లో వచ్చిన గేమూ రెండూ చూసినవాడు. "కిలో రెండు కోట్ల డాలర్ల ఖనిజం సరిగ్గా ఆ తెగవాళ్ళ చెట్టు కిందే ఉంటుందా? రాసినవాడికి బద్ధకం."

బండి ఆగే ఉంది కాబట్టి దిగిపోదామనిపించింది. వీడు వెళ్తున్నది బైలదిల్లాకే. ఆ పేరుకు అర్థం ఎద్దు మూపురం. ఆ కొండల్లో 13వ నిక్షేపం సరిగ్గా నందరాజ్ కొండ మీదే పడింది. నందరాజ్, ఆయన భార్య పిటోడ్ రాణి అక్కడ కొలువున్నారని చుట్టుపక్కల ఆదివాసులు నమ్ముతారు. గని కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండిసి, ఛత్తీస్‌గఢ్ సర్కారు కలిసి పెట్టిన కంపెనీది. తవ్వే కాంట్రాక్టు అదానీ సంస్థకు. (ఎన్‌ఎండిసి ఎవరిదో అనుకునేరు, ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోనే.) 2014లో గ్రామసభ సరేనందని కాగితం చూపిస్తే, అసలా సభే జరగలేదన్నారు ఊళ్ళవాళ్ళు. 2019 జూన్‌లో వేలమంది విల్లంబులతో కిరండూల్ వచ్చి కూర్చున్నారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించింది. దేవుడి కిందే ఖనిజం ఉండటం కథకుడి బద్ధకమైతే, ఆ బద్ధకం భూగర్భశాస్త్రానిదే.

అసలు చిల్లు వీడికి కనపడలేదు. నో మ్యాన్స్ స్కైలో కొన్ని గ్రహాల మీద నువ్వు రాయి తవ్వడం మొదలెడితే కాపలా మరమనుషులు నీ మీదకే ఎగబడతారు. గ్రహాన్ని తవ్వేవాడి నుంచి కాపాడటం వాళ్ళ ఉద్యోగం! ఇంత పచ్చి అభూతకల్పన ఇంకోటుందా? బైలదిల్లా గనులకూ కాపలా ఉంది, కేంద్ర బలగం సిఐఎస్ఎఫ్. తుపాకులు బయటికి తిరిగి ఉంటాయి. ఇదీ తర్కానికి నిలిచే ప్రపంచం. గేములు రాసేవాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవాలి.

ఇవన్నీ వాడికి చెప్పాను. "గేమ్‌లో గ్రామసభ పెడితే బోరు మామయ్యా, ఎవడాడతాడు?" అన్నాడు. నిజమే. కాగితం మీద పెట్టేసుకుంటే బోరు కొట్టదన్న సంగతి గేమ్ కంపెనీలకు ఇంకా తట్టలేదు.

దంతెవాడలో దిగి దంతేశ్వరి గుడికెళ్ళాం. గుడి వెనక శంకిని, డంకిని కలుస్తాయి. శంకిని కొండమీది గనుల ఖనిజప్పొడి మోసుకుని ఇటుకరంగులో పారుతోంది. మావాడు ఫోన్ తీసి ఫొటో కొట్టి, పెద్దది చేసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"రంగు తప్పు మామయ్యా. నీళ్ళు ఇలా ఉండవు."