నేను ఊజీ ఈగను

పూల మీద నన్ను చూసి ఇంట్లో ఈగ దారితప్పి వచ్చిందనుకుంటారు. కాస్త తేరిపార చూడండి: బూడిదరంగు ఒళ్లు, వీపు మీద నాలుగు నల్లచారలు, పొట్ట నిండా బిరుసు వెంట్రుకలు. తేనెటీగకు దారి ఇచ్చే మీరు నాకు చెయ్యి విసురుతారు. నా ఒంటికంటిన పుప్పొడీ పక్క పువ్వుకు చేరుతుందన్న సంగతి ఎవరికీ పట్టదు.

1803లో మైగన్ అనే జర్మన్ శాస్త్రవేత్త మా ప్రజాతికి ఎక్సోరిస్టా అని పేరుపెట్టాడు. నేను ఎక్సోరిస్టా బాంబిసిస్. పట్టురైతు నోట మాత్రం ఊజీని.

ఇప్పుడంటే తేనె తాగి బతుకుతున్నా గానీ, నా బాల్యం అలా గడవలేదు. అమ్మ నన్ను గుడ్డుగా ఓ పట్టుపురుగు చర్మానికి అతికించి వెళ్లిపోయింది. గుడ్డు పగలగానే లోపలికి దూరాను. దూరిన చోట నల్లమచ్చ పడింది. నన్ను బంధించాలని పురుగు ఒళ్లు కట్టిన పొరనే గరాటుగా మలుచుకుని, దాని గుండా బయటి గాలి పీలుస్తూ, లోపల కొవ్వూ కండా తిని పెరిగాను. సిగ్గు లేదా అంటారా? గూటితో సహా పురుగును మరిగే నీళ్లలో వేసి దారం తీసేవాళ్లు అడగాల్సిన మాట కాదది.

పురుగు గూడు కట్టాక మేం బయటికొస్తే గూటికి కన్నం పడుతుంది. దారం తెగి రీలింగుకు పనికిరాదు. అక్కడ మొదలైంది మీ కోపం.

నా కడుపుమంట వేరు. మేం బెంగాల్, అస్సాం వైపు ఉండేవాళ్లం. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి కర్ణాటకకు పట్టుగూళ్లు తరలిస్తూ లోపలున్న మావాళ్లను టిక్కెట్టు లేకుండా తీసుకొచ్చింది మీరే. అక్కడి నుంచి హిందూపురం ఎంత దూరం? మళ్లీ మమ్మల్నే చొరబడ్డామంటారు! మా దాయాది ఎక్సోరిస్టా లార్వారంను మాత్రం జిప్సీ మాత్ గొంగళిపురుగుల పని పట్టమని యూరప్ నుంచి అమెరికాకు మర్యాదగా తీసుకెళ్లారు. చేసే పని ఒక్కటే. చచ్చేది ఎవరి పురుగన్నదే తేడా.

మందు కొడదామంటే ముందు పోయేది పట్టుపురుగులే. అందుకని షెడ్డు కిటికీలకు నైలాన్ వలలు కట్టారు. నేల పగుళ్లలో ప్యూపాలుగా నిద్రపోతున్న మా పిల్లల్ని ఊడ్చి కాల్చేస్తారు. అదీ చాలక నెసోలింక్స్ థైమస్ అనే నలుసంత కందిరీగను పెంచి వదులుతారు. అది మా ప్యూపాల్లో గుడ్లు పెడుతుంది. మా విద్యే మా మీద! దానికేమో మిత్రకీటకమని బిరుదు.

అయినా రైతులందరూ చెడ్డవాళ్లు కారులెండి. పంట తీశాక షెడ్డు కడగనివాళ్లు, పగుళ్లు పూడ్చనివాళ్లు, చెత్త గుమ్మం పక్కనే పోసేవాళ్లు ఊరికొకరైనా దొరుకుతారు. ఇదిగో, ఈ షెడ్డాయన వల చిరిగిన చోట పాత పంచె ముక్క దోపి ఊరుకున్నాడు. లోపల పురుగులకు నాలుగో జ్వరం, అదే నాలుగోసారి పొర విడవడం, దాటినట్టుంది. నా పొట్టలో వందల గుడ్లు. ఒక్కో పురుగుకు ఒకటో రెండో చాలు.