మంచి మందన్నాను

మీ దగ్గర దాచడమెందుకు, పొగిడితే పొంగిపోయే జబ్బు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది. గుంటూరు వైపు ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరిన కొత్తలో, అందరికంటే ముందు మా సెంటరే టార్గెట్ పూర్తిచేసిందని కంపెనీవాళ్లు మెయిల్ పెడితే, దాన్ని మా మామగారితో సహా దొరికినవాళ్లందరికీ చదివి వినిపించాను.

అది షుగర్ మందు ట్రయల్. వాడుతున్న మందులకు తోడుగా సగంమందికి కొత్త మాత్ర, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది వెళ్తోందో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. ఈ సంగతి విడమరిచి చెప్పడమే నా ఉద్యోగం. నేనేమో, "పెద్దమ్మా, మంచి మందు, పరీక్షలన్నీ ఫ్రీ, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అనేవాణ్ణి. చదువురానివాళ్లకు ట్రయల్‌తో సంబంధంలేని సాక్షి దగ్గరుండి, ఫారమంతా చదివి వినిపించాకే సంతకం పెట్టాలి. నేను మా ల్యాబ్ కుర్రాణ్ణి కేకేసేవాణ్ణి. నిలబడే గీకి వెళ్లిపోయేవాడు.

2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టల్ ఆడపిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారనీ, 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారనీ నాకు బాగా తెలుసు. ఎంత అన్యాయమో అని పదిమందికీ చెప్పేవాణ్ణి కూడా. మా దగ్గర ఎవరి వేలిముద్ర వాళ్లే వేస్తున్నారని ధీమా. ఎందుకు వేస్తోందో ఆ మనిషికే తెలియనప్పుడు, వార్డెన్ సంతకానికీ దీనికీ తేడా ఏముంది?

మిరప కోతలొచ్చాయి. ట్రయల్‌లో చేరినవాళ్లు విజిట్లకు రావడం మానేశారు. పరగడుపున రావాలి, రక్తమివ్వాలి, మధ్యాహ్నందాకా కూర్చోవాలి. బస్సు చార్జీలిచ్చేవాళ్లం గానీ పోయిన కూలి మా బడ్జెట్లో లేదు. ఫోన్లు చేస్తే ఎత్తరు. రికార్డులు తనిఖీ చేసే మానిటర్ వస్తున్నాడన్న కంగారులో ఆసుపత్రి పేరున్న జీపేసుకుని ఊళ్లోకి దూసుకెళ్లి, రచ్చబండ దగ్గర ఆపి, ఒక పెద్దమ్మ పేరు పెట్టి, "షుగర్ ట్రయల్‌లో ఉందే, ఆమె ఎక్కడ?" అని అరిచి, పిల్లలు ముందు పరిగెడుతుంటే, వెనక జనంతో, మిరప ఘాటుకి తుమ్ముకుంటూ కల్లంలోకి వెళ్లిపడ్డాను. ఆమె తాలుకాయలు ఏరుతోంది.

"మాత్రలైపోయాయి బాబూ. మా తోడికోడలిక్కూడా షుగరే. మంచి మందన్నావుగా, నేనొక్కదాన్నే మింగితే ఏం బావుంటుంది? చెరిసగం వేసుకున్నాం."

తోడికోడలు పక్కనే ఉంది, తలూపింది. ఆమె కిడ్నీలెలా ఉన్నాయో, ఇంకేం మందులు వాడుతోందో మాలో ఎవరికీ తెలీదు. ప్రతి విజిట్‌కీ పెద్దమ్మ తెచ్చిన ఖాళీ షీట్లు లెక్కకు సరిపోయేవి. నూటికి నూరుపాళ్లు వేసుకుందని రాసి కింద సంతకం పెట్టింది నేనే.

వెనక నుంచి ఎవరో, "ప్రయోగాలు చేస్తున్నారంటగా?" అన్నారు. పెద్దమ్మ చేతిలో కాయ వదిలేసి నా వైపు తిరిగింది. "నా మీదా? ఆ మాట నువ్వు చెప్పలేదే!"

ఆమె జబ్బు ఊరందరికీ చాటినవాణ్ణి, ఆమెకు చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పలేదు.

డాక్టరుగారికి అంతా చెప్పేశాను. ఎథిక్స్ కమిటీకి రాశాం. తోడికోడలికి పరీక్షలు చేయించాం, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఈసారి రిటైరైన టీచరుగారొకరు సాక్షిగా కూర్చుంటే, ఫారం మొదట్నుంచీ చదివాను. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానినా మీ వైద్యం ఆగదు అన్న ముక్కతో సహా. 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం ఫారంలో తప్పక ఉండాల్సిన ముక్క అది. ఉంది కూడా, నేనే ఎన్నడూ పైకి చదవలేదు.

పెద్దమ్మ మానేసింది. ఇంకొందరూ మానేశారు. కంపెనీ నుంచి ఈసారి వచ్చిన మెయిల్ ఎవరికీ చదివి వినిపించలేదు. ఉంటామన్నవాళ్లు మాత్రం కోతల్లో కూడా తొలి బస్సుకే వచ్చారు. రక్తం తొందరగా తీసి పంపించమన్నారు, పనికి పోవాలట. ల్యాబ్ ఆరింటికే తెరిపించాం.