పందెపు పంపు

నూజివీటి మామిడిరైతు తన తోటలోని బోరునకు మోటారు కొనవలసి వచ్చినపుడు, బోరు లోతెంత, ఎండాకాలమున నీళ్ళెంత దిగువకు పోవును, ఎన్ని స్టేజీల పంపైనచో చివరి వరుస చెట్టుదాక నీరందును అని కొట్టువానిని గుచ్చి గుచ్చి యడిగి, దానిపై పూసిన రంగును కన్నెత్తియైనను చూడక, బేరమాడి తెచ్చుకొనును. ఆయన కుమారరత్నము మాత్రము, తన టర్బో కారునకు వాటర్ పంపు మార్చవలసిన శుభసమయము రాగానే, ఈ పైతృక విజ్ఞానమునంతను తోటగట్టుననే విడిచి, విజయవాడ ఆటోనగరునకు వేంచేసి, "రేసింగ్ పంపుందా అన్నా?" అని యొక్క ప్రశ్న మాత్రమే వేయును.

ఎందుకుండదు? నీలిరంగు అల్యూమినియముతో నిగనిగలాడుచు, అసలు పంపునకు రెండింతల వెలతో, 'హై ఫ్లో' అను బిరుదముతో అది యరలో కొలువుదీరియే యున్నది. "ఇదేస్తే ఇంజను చల్లగా ఉంటది, పికప్పు కూడా పెరుగుద్ది బాబూ" అని కొట్టువాడు సెలవిచ్చును.

తోటలోనిదైనను కారులోనిదైనను పంపు జాతి యొకటే: చక్రము గిర్రున తిరిగి నీటిని వెలికి చిమ్మును. ఆ చక్రము వేగమును 10 శాతము పెంచినచో నీరు 10 శాతమే పెరుగును గాని, దానిని త్రిప్పుటకు వలయు శక్తి 33 శాతము పెరుగును. అది ఇంజను తన బలములోనుండి చెల్లించుకొనవలసినదే. పికప్పు ముచ్చట అంతటితో సరి. ఇక చల్లదనము థర్మోస్టాటు ఏలుబడిలోనిది. నీరు 90 డిగ్రీల చేరువకు వచ్చువరకు అది రేడియేటరు దారి తెరువదు, నీరు చల్లబడగానే మరల మూయును; బిరుదములను చూచి అది మనసు మార్చుకొనదు.

నిజముగా పందెములాడువారి యవస్థ వేరు. వారి ఇంజను నిమిషమునకు ఏడెనిమిదివేల చుట్లు తిరుగునపుడు, పంపు చక్రముచెంత నీరు ఆవిరిబుడగలు కట్టి ప్రవాహము కుంటుపడును గనుక, వారు పంపునకు పెద్ద పుల్లీ తగిలించి దానిని కావలెనని నెమ్మదింపజేయుదురు. అట్టి సరంజామా ఇంజను ఐడిలింగులో నున్నపుడు నీటిని బద్ధకముగా కదలించును. మన వీరుడు తన రేసింగ్ పంపుతోబాటు ఆ సరంజామానుగూడ బిగించుకొని మే నెలలో హనుమాన్ జంక్షను రోడ్డెక్కును. ముందు బంగినపల్లి కాయల ట్రాక్టరు, దానిముందు కలెక్టరు కాయల లారీ, ఆ లారీముందు ఏమున్నదో దేవునికెరుక. రేడియేటరునకు ఎదురుగాలి లేదు, ఫ్యానొక్కటే దిక్కు, ఇంజను చుట్లు ఎనిమిదివందలు. ముల్లు ఎర్రగీత నంటును. అంతట బానెట్టెత్తి, గులాబీరంగు కూలెంటుండవలసిన డబ్బాలో పక్కతోట బోరునీళ్ళు పోయించును. అందలి లవణములు రేడియేటరు గొట్టములలో పెచ్చులు కట్టుటకు ఆనాడే శంకుస్థాపన జరుగును.

ఇంతకును పాతపంపు చేసిన నేరమేమి? దాని పొట్టక్రింద చిన్న రంధ్రమొకటి కలదు. లోపలి సీలు అరిగినదని తెలుపుటకే దాని నమర్చినారు. ఆ రంధ్రమువద్ద కూలెంటు కారి, గులాబీరంగు చారికగా ఎండిపోయినది. పారుదలలో లోపమేమియు లేదు. నూజివీటి ముసలి మెకానిక్కు దానిని గోటితో గీకి చూచి, "కంపెనీ పంపే తెచ్చుకో బాబూ, గ్యాస్కెట్టు కొత్తది. బెల్టు కూడా ఇప్పుడే మార్చేద్దాం, మళ్ళీ ఇదంతా ఊడదియ్యాలంటే కూలి దండగ" అనెను.

కుమారరత్నము చాలసేపు ఆలోచించి, "దాంతో స్టిక్కరేమన్నా ఇస్తారా?" అని యడిగెను.