గిన్నెలు తోమే మిషన్‌ను ఎవరు తోముతారు?

మా రోజుల్లో గ్లాసు శుభ్రంగా ఉందో లేదో తేల్చడానికి మిషన్ మీద మెరిసే అంకెలు అక్కర్లేదు. హోటలు యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి, బోర్లించిన గ్లాసొకటి తీసి, అంచు మీద బొటనవేలు రాసేవాడు. కిర్రుమంటే సరే. జారిందో, ఆ బుట్టెడు గ్లాసులూ మళ్లీ తొట్టిలోకే. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. ఆమ్లెట్ ప్లేటుతో కలిసి నానిన గ్లాసుకు నీచు వాసన పట్టేస్తుంది. అది కంటికి దొరకదు, ముక్కుకు దొరుకుతుంది.

బెజవాడ హోటళ్లలో గిన్నెల గది చూసుకుంటూ తల నెరిసినవాణ్ణి. ఇప్పటికీ ఎక్కడ టిఫినుకెళ్లినా నా కళ్లు వెనక వైపుకే పోతాయి. ఈ మధ్య ఏ హోటల్లో చూసినా పైనుంచి మూత దించే స్టీలు హుడ్ మిషన్, పక్కనే గ్లాసులకు చిన్న గ్లాస్ వాషర్. "మాదంతా ఆటోమేటిక్ బాబాయ్ గారూ, చెయ్యే తగలదు" అంటాడు మేనేజరు కుర్రాడు. ఆ చెయ్యి తగలకపోవడమే కదా నాయనా నా గొడవ!

మిషన్ మీద నాకు పగేం లేదు. మా కాలంలో తొట్ల దగ్గర కూర్చుని తోమింది చాలా చోట్ల చిన్న పిల్లలే. బూడిదకూ సోడాకూ వాళ్ల వేళ్లు పగిలేవి. హోటళ్లలో పిల్లల చేత పని చేయించకూడదని 2006లో గానీ నిషేధం రాలేదు. ఆ చాకిరీని మిషన్ మీదికి తోసెయ్యడం మంచి పనే. అమెరికాలో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ 1886లో ఇలాంటి మిషన్‌కు పేటెంటు తీసుకుంటే, ముందుగా కొన్నది హోటళ్లవాళ్లే. కాబట్టి హోటలుకు మిషన్ కొత్త వింతా కాదు.

నా సణుగుడల్లా ఒక్కటే. మా రోజుల్లో దేనితో తోమేవాళ్లమో దాన్ని ఏ పూటకాపూట పారేసేవాళ్లం. బూడిద, చింతపండు తొక్కు, కుంకుడు పిప్పి, అరిగిన కొబ్బరి పీచు అన్నీ పెంటకుప్పకే. తొట్టి నీళ్ల మీద జిడ్డు తేలగానే కుమ్మరించేవాళ్లం. పొద్దున మళ్లీ కొత్త బూడిద, కొత్త పీచు. మిషన్‌ను అలా పారెయ్యలేం కదా! పారెయ్యలేనిదాన్ని కడగాలి. ఆ కడిగే పనే ఇప్పుడు ఎవరిదీ కాకుండా పోయింది.

మూత దించి మీట నొక్కితే ప్రతి ట్రేకీ కొత్త నీళ్లొస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. అడుగున ట్యాంకులో ఉన్న నీళ్లే మళ్లీ మళ్లీ పైకి చిమ్ముతాయి. కొత్త నీళ్లు వచ్చేది చివరి జాడింపుకే, అదీ కొద్ది లీటర్లు. అంటే మమ్మల్ని ఎగతాళి చేసిన ఆ తొట్టే స్టీలు పెట్టెలో దాక్కుని ఉంది. పొద్దుటి సాంబారు నీళ్లతోనే రాత్రి బిర్యానీ ప్లేట్లు కడిగితే ఏం తేడా ఏడ్చింది? టిఫిన్ల రద్దీ అయ్యాక ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి ట్యాంకు ఖాళీ చేసి నింపాలి.

ఒకచోట పట్టుబట్టి మిషన్ తెరిపించాను. జల్లెడ తీస్తే దాని అడుగున వేలికి అంటుకునే జిగురు. నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లో కరివేపాకు ఈనెలు, ఉప్మా రవ్వ, ఆవాలు. సగం రంధ్రాలు మూసుకుపోతే ట్రే మూలనున్న ప్లేటుకు నీళ్లెక్కడివి? హీటరు చుట్టూ తెల్లగా ఉప్పు పట్టేసింది. మన బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వేడికి అలా పేరుకుంటాయి. హీటరుకు పూత పడితే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. గరుకుగా పేరుకున్న ఆ పూతలో క్రిములకు చోటు దొరుకుతుంది. తలుపు రబ్బరు మడతలో నల్లటి బూజు. పైన మాత్రం అద్దంలా తుడిచిన స్టీలు!

వేడి నీళ్లతో క్రిములు చంపే ప్లేట్ల మిషన్లలో కడిగే నీళ్లు 55 నుంచి 65 డిగ్రీలు, చివరి జాడింపు 82 డిగ్రీల పైన ఉండాలి. ఆ వేడికి ప్లేటు బయటికొచ్చిన కాసేపటికే తనంతట తానే ఆరిపోతుంది. మనవాళ్లు ఆగరు. పొద్దున్నుంచీ భుజాన వేలాడుతున్న గుడ్డతో తుడుస్తారు. చచ్చిన క్రిముల చోట కొత్తవాటిని కూర్చోబెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు.

గ్లాసులది ఇంకో కథ. మజ్జిగ, లస్సీ, పాలు తాగిన గ్లాసును నేరుగా వేడి నీళ్లలో పెడితే పాల అంటు ఉడికి గాజుకు పట్టేస్తుంది. ముందు చన్నీళ్లతో జాడించాలి. కూర ప్లేట్ల నీళ్లలో గ్లాసులు పెట్టకూడదనే వాటికి వేరే మిషన్ పెట్టారు. అందులోనూ ఎగ్ బుర్జీ ప్లేట్లు దూర్చేవాళ్లను చూశాను. ఇక ఇంట్లో గిన్నెలు తోముకునే సబ్బు నీళ్లు మిషన్లో పోస్తే నురగ పొంగుతుంది, పంపుకు నీళ్లు అందవు.

చేయాల్సింది బ్రహ్మవిద్య కాదు. రాత్రి కరెంటు ఆపి, నీళ్లు వదిలేసి, జల్లెడలూ రెక్కలూ ఊడదీసి బ్రష్‌తో రుద్దాలి. రంధ్రాలు పొడిచి చూసుకోవాలి. ట్యాంకు, తలుపు రబ్బరు తుడిచి, మూత తెరిచే ఉంచాలి. మూస్తే లోపలి తేమకు తెల్లారేసరికి కంపు. బోరు నీళ్ల కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు అయిపోకుండా చూసుకోవాలి. తెల్లపూత కనపడగానే కంపెనీ చెప్పిన యాసిడ్ మందుతో తీసెయ్యాలి. ఆ మందులో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది. స్టీలు మీద ఒట్టి బ్లీచింగ్ కూడా వద్దు, తినేస్తుంది.

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. బకెట్టు నీళ్లలో రోజంతా టీ గ్లాసులు ముంచిన బడ్డీలు అప్పుడూ ఉన్నాయి. కానీ ఆ మురికి అందరికీ కనపడేది, ఇష్టం లేనివాడు తాగకుండా వెళ్లిపోయేవాడు. ఇప్పుడది మూత వెనక ఉంది. లక్షలు పోసి మిషన్ కొన్న యజమానులకు నేను చెప్పేదొకటే. దాన్ని కడగడానికి రోజూ రాత్రి ఒక మనిషిని పెట్టండి, ఆ పనికి జీతం కట్టండి. తినేవాళ్లకూ ఒక మాట. మిషన్ ఎవరు కడుగుతారని అడగండి. జవాబు చెప్పలేకపోతే అరటాకులో వడ్డించమనండి.