నాలుగు ముక్కల చరిత్రకారుడు

చదివిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నాకు అన్నం సయించదు. చెబితే మా ఇంట్లో వాళ్లకు సయించదు. చరిత్ర గ్రంథం, ఆత్మకథ, చారిత్రక నవల, ఏది ముగించినా ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్లకు నా బాధ తప్పదు. వేళ కూడా ఆలోచించే పెట్టుకున్నాను. ఎంగిలి చేతులతో ఎవరూ లేచి పారిపోలేరు.

ఆ నాలుగు ముక్కలూ ఏవన్నది నా ఇష్టం. కిటుకంతా అక్కడే ఉంది.

మా ఆవిడ కాశీ ప్రయాణం మాటెత్తిన రోజుల్లో నేను ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదువుతున్నాను. కదలడం ఇష్టంలేని మనిషికి అంతకన్నా గొప్ప గ్రంథం లేదు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఆయన 1831 సెప్టెంబరులో గానీ ఇల్లు చేరలేదు. వెంట వందమంది దాకా పరివారం, బోయీలు, గుడారాలు. “చూశావా, కాశీ అంటే ఎంత తయారీ కావాలో!” అన్నాను చారు కలుపుకుంటూ. ఆవిడ మజ్జిగ పోసి, “రైలు లేని కాలంలో ఆయన వెళ్లొచ్చారు. రైలుండి మీరు కదలరు” అంది. ఈ కోణం నాకు పీఠికలో ఎక్కడా తగల్లేదు.

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో సాహిత్య అకాదెమీ బహుమతి పొందిన పుస్తకం. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలన్నీ గాలించి రాశారాయన. అంత గొప్ప పనిలోంచి నేను ఏరుకున్నది ఒక్క విస్తరి. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఒక్క రూకకు దొరికిన భోజనం అది. సన్నబియ్యం, పప్పు, నెయ్యి, కూరలు, పెరుగు అని వర్ణిస్తూ నా కంచంలోని ఒంటరి బీరకాయ కూర వైపు అర్థవంతంగా చూశాను. “అక్కడ డబ్బు కట్టి తిన్నారు. మీ రూక ఏది?” అందావిడ.

ఇక నూనె సంగతి. డాక్టరు నా కొలెస్ట్రాల్ చూసిన దగ్గర్నుంచి మా వంటింట్లో నూనె తులాల లెక్కన తూగుతోంది. ఆవకాయ మీద తేలే నూనె సైతం నాకు నిషేధం. అలాంటి గడ్డుకాలంలో రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చువేయించిన విజయనగర చరిత్ర నా చేతికొచ్చింది. అందులో కృష్ణదేవరాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాతలున్నాయి. రాయలవారు రోజూ తెల్లవారకముందే ముప్పావు పింటు నువ్వుల నూనె తాగేవారట! మన కొలతలో నాలుగు వందల మిల్లీలీటర్ల పైచిలుకు. ఆ రాత్రి నా గొంతులో పలికిన గాంభీర్యం భువనవిజయంలో కూడా పలికి ఉండదు. “అంతటి చక్రవర్తి, అంత నూనె. నేనడుగుతున్నది ఒక్క గరిటె!”

ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఆ పుస్తకం తెరిచింది. రాత్రి కంచం ముందు పెడుతూ తాపీగా మొదలుపెట్టింది: “నూనె తాగి రాయలవారు పడుకోలేదు. ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, చేతులతో బరువులెత్తి, ఆ నూనె చెమటై కారేదాకా కత్తి తిప్పారు. తర్వాత కుస్తీ. తర్వాత తెల్లారేవరకు గుర్రం మీద సవారీ. ఆ సగం నాకెందుకు చెప్పలేదు?” గుర్రం లేదు కదా అన్నాను. మేడ మెట్లున్నాయంది.

చారిత్రక నవలల దగ్గర నా శత్రువు మా అమ్మాయి. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ గురించి గొంతు సవరించుకోగానే, “సినిమాలో అల్లు అర్జున్ వేశాడు కదా నాన్నా, తెలుసులే” అని తేల్చేసింది. ఉక్రోషం కొద్దీ ఆ నవల్లోని రుద్రమదేవి కథలోంచి చందుపట్ల శాసనంలోకి దూకాను. నల్గొండ జిల్లాలోని ఆ రాతి మీద పువ్వుల ముమ్మడి అనే బంటు 1289లో తన దానం మాట చెక్కించాడు. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని ఇచ్చిన భూమి అది. చరిత్రకారులు మహారాణి మరణకాలాన్ని ముందుకు జరుపుకోవలసి వచ్చింది ఆ చిన్న శాసనం వల్లే. నిజంగా ఒళ్లు జలదరించే సంగతి! నేను చెప్పడం పూర్తయ్యేసరికి పెరుగన్నం ఎండి అంచులు కట్టింది. “ఆయన రాతి మీద చెక్కించాలి కనక తక్కువ మాటలతో సరిపెట్టాడు నాన్నా. నువ్వు నోటితో చెబుతావు, నీకేం ఖర్చు!” అంది అమ్మాయి.

ఇప్పుడు చదివే రోగం మా ఆవిడకూ అంటుకుంది. ఈమధ్య మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ చదివింది. పనావిడ జీతం పెంచమని అడిగితే, పండగ వెళ్లాక చూద్దామని నేను దాటేస్తున్న వారం అది. భోజనాల దగ్గర మా ఆవిడే నోరు విప్పింది. “దొరల ఇంటి పిల్ల. పదేళ్లు దాటీదాటని వయసులో సొంతింటి వాళ్లనే ఎదిరించి వెట్టివాళ్లకు బియ్యం కొలిచి పెట్టింది. ఈ నెల నుంచి మనావిడకు ఐదొందలు పెంచాను.” అంతే. చారు కూడా చల్లారలేదు.

ఆ రాత్రి దీపం పెట్టుకుని పుస్తకం ఆసాంతం చదివాను. ఆవిడ నాకు చెప్పకుండా దాచిన సగమేదో ఉంటుందని ఆశ. ముందుకు పోయేకొద్దీ స్వరాజ్యం గారు తుపాకీ పట్టడం, ఆమె తలకు పదివేల రూపాయల వెల పడటం కనిపించాయి గానీ, జీతం పెంచక్కర్లేదన్న ముక్క ఎక్కడా లేదు.